మూత లోపలి గీతలు

ఓదెలుకి బుర్ర పనిచేయడం మానేసి నెల దాటింది. తప్పు బుర్రది కాదు, పాత వాచీలది.

సంగతేమిటంటే, ఓదెలు భార్య రాజమణికి వాళ్ల నాయన పోయాక మిగిలింది ఆయన చేతి వాచీ ఒక్కటే. ఆయన జగిత్యాల బస్టాండులో కంట్రోలరు. ముప్పై ఏళ్లు ఆ వాచీ చూసే బస్సులు వదిలాడు. ఏడాదిలో ఒక్క రోజు తప్ప అది ఆయన చెయ్యి వదిలేది కాదని రాజమణి చెబుతుంటుంది. గాజు నిండా గీతలు పడ్డాయి, డయలు పచ్చబడిపోయింది.

పెళ్లిరోజుకి భార్యను సంతోషపెడదామని ఓదెలు చెప్పాపెట్టకుండా దాన్ని పట్టుకుపోయి, ఒక దుకాణంలో డయలుకి కొత్త రంగు వేయించాడు. కేసు పాలిష్ చేయించాడు, గాజు మార్పించాడు. తళతళలాడే వాచీ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, మెచ్చుకుంటుందని నిలబడ్డాడు, వెర్రిబాగులవాడు.

రాజమణి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మా నాయిన వాచి కాదు" అంది. బీరువాలో పెట్టేసింది. అరవలేదు, ఏడవలేదు. అరిచినా బాగుండేది. ఆ రోజు నుంచి ఇంట్లో ఉప్పు, పప్పు, కరెంటు బిల్లు తప్ప మరో మాట లేదు.

అచ్చం అలాంటి వాచీ, ఎవరూ వేలు పెట్టనిది, ఇంకొకటి సంపాదించాలనుకున్నాడు ఓదెలు. కానీ పాత వాచీల్లో ఏది అసలో, ఏది అతుకుల బొంతో తెలిస్తే కదా! అందుకని యాకూబ్ సాబ్ దగ్గరికి వెళ్లాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మసీదు గోడకి ఆనుకున్న డబ్బా కొట్టులో వాచీలు బాగు చేస్తాడు. అందరూ ఉస్తాద్ అంటారు. గంటకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు హుషారుగా ఉన్నట్టు లెక్క.

"నాకు నేర్పుండ్రి ఉస్తాద్."

"తీస్కరా. చూద్దాం."

గురువారం సంతలో గుడ్డ మీద పోసి అమ్మే వాచీల్లోంచి ఓదెలు మంచి మెరుపున్నది ఒకటి ఏరుకొచ్చాడు. ఉస్తాద్ కంటికి పెట్టుకునే భూతద్దం తీసి ఇతనికిచ్చాడు.

"అక్షరాలు చూడు."

చూశాడు. డయలు మీది అక్షరాలు లావుగా, ఒకటి అటు ఒకటి ఇటు ఒరిగి ఉన్నాయి. ఎవరో చేత్తో మళ్లీ రాశారు.

ఓహో, మెరిస్తే మోసమన్నమాట, అనుకున్నాడు ఓదెలు. మరుసటి గురువారం మరకలు మరకలుగా, తాతలనాటిదిలా ఉన్న వాచీ తెచ్చాడు. ఉస్తాద్ మూత విప్పి డయలు బయటికి తీసి, తడి దూదితో దాని అంచున ఒక్కసారి రుద్దాడు. దూదికి గోధుమరంగు అంటుకుంది.

"చాయ్ నీళ్లు. పడుచుదాన్ని ముసలిదాన్ని చేసిన్రు."

ఓదెలుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడో గురువారం మరీ కొత్తా కాకుండా, మరీ పాతా కాకుండా, మధ్యరకం చూసి తెచ్చాడు. ఉస్తాద్ దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. అంకెల మీది రేడియం మాడి నల్లబడింది, ముళ్ల మీది రేడియం మాత్రం చిలకపచ్చగా నిగనిగలాడుతోంది.

"అంకెలకు వయసొచ్చింది. ముళ్లకు రాలె. ఎందుకు రాలె?"

"మార్చిన్రు," అన్నాడు ఓదెలు నీరసంగా. కాసేపాగి కోపం కూడా వచ్చింది. "కొత్తగుంటె వద్దంటరు, పాతగుంటె వద్దంటరు. నడిమిట్లది తెస్తె అదీ వద్దంటరు. ఇగ ఎట్లుండాలె ఉస్తాద్?"

"ఉన్నది ఉన్నట్టు ఉండాలె," అని ఉస్తాద్ మళ్లీ పనిలో పడ్డాడు.

ఇదేం చదువురా దేవుడా అనుకుంటూ ఓదెలు ఇంటికి పోయాడు. ఆ మాట అతనికి వీసమెత్తు అర్థం కాలేదు.

నాలుగో గురువారం అచ్చం మామ వాచీ లాంటిదే దొరికింది. కేసు మూలలు పాలిష్‌కి అరిగిపోకుండా పదునుగా ఉన్నాయి. అక్షరాలు సన్నగా ఉన్నాయి. అంకెలకీ ముళ్లకీ ఒకే వయసు. ఉస్తాద్ చాలాసేపు చూశాడు.

"అసలుదే."

ఓదెలు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "బతికించిన్రు ఉస్తాద్!"

"ఇంట్ల ఏమని చెప్తవ్?"

"ఏముంది? దుకాణపోడు మీ నాయిన వాచి మార్చిండు, కొట్లాడి దొరకబట్టుకొచ్చిన అని చెప్త. నమ్ముతది. ఇది మా నాయినది కాదని ఆమెనే అన్నది గద!"

ఉస్తాద్ చేతిలో పని ఆగింది.

"పాలిష్ చేయించినది యాడుంది?"

పోలిక చూసుకోవడానికని ఓదెలు దాన్ని బీరువాలోంచి తీసి, నెలంతా జేబులోనే తిప్పుతున్నాడు. తీసి ఇచ్చాడు. ఉస్తాద్ రెండు వాచీల వెనక మూతలూ విప్పి, గుడ్డ మీద పక్కపక్కన వెల్లకిలా పెట్టాడు. భూతద్దం ముందుకు తోశాడు.

సంతలో కొన్న దాని మూత లోపల కడిగిన కంచంలా ఉంది.

"ఏం లేదు ఉస్తాద్."

"పెట్టెల దాచిన వాచి. ఎవ్వరూ కట్టుకోలె. రెండోది చూడు."

రెండో మూత లోపల సూదితో గీకిన సన్నటి అంకెలున్నాయి, ఒకదాని కింద ఒకటి.

"ఇవేంది?"

"వాచి సాఫ్ చేసినోడు లోపల నెల, సాల్ గీకుతడు. మా పనిల రివాజు."

ఓదెలు కన్ను చికిలించి చదివాడు. 6-71. 6-72. 6-73. కిందిదాకా అంతే. ఏ ఏడాది చూసినా ఆరో నెలే.

బడులు తెరిచే నెల. నోటుబుక్కులు కొనడానికి ఏటా జూన్‌లో నాయన వెంట బజారుకి పోయే రోజు గురించి రాజమణి ఎన్నిసార్లు చెప్పిందో! ఆ రోజు వాచీ సాఫు చేయడానికిచ్చేసి, బోసి చేత్తో, ఎదురైనవాళ్లనల్లా టైమెంతైందని అడిగేవాడట. కంట్రోలరు సారే టైమడుగుతున్నాడని బజారంతా నవ్వేదట. చెప్పిన ప్రతిసారీ ఆమె కూడా నవ్వేది.

భూతద్దం లోపల ఓదెలుకి అంకెలు అలికేసినట్టయ్యాయి. అద్దం తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"మరి మొన్న పాలిష్ చేసినోడు ఏం గీకలె ఉస్తాద్?"

ఉస్తాద్ సూది తీసి అతని చేతికిచ్చాడు.

"చేయించింది నువ్వే గద."

ఓదెలు సూది అందుకున్నాడు. మూత దగ్గరికి లాక్కుని, అన్నిటికన్నా కింద తన పెళ్లిరోజు నెల, పాలిష్ చేయించిన ఏడాది గీకాడు. నెల అంకె పదకొండు కాస్త వంకర పోయింది.

ఉస్తాద్ మూత బిగించి వాచీ అతని చేతిలో పెట్టాడు. సంతలో కొన్నది బల్ల మీదే ఉండిపోయింది. ఓదెలు దానివైపు చూడను కూడా లేదు.

"ఇప్పుడిది అసలుదేనా ఉస్తాద్?"

ఉస్తాద్ మూత తీసే కత్తినీ, భూతద్దాన్నీ ఒక గుడ్డలో చుట్టి అతని జేబులో వేశాడు.

"నన్నెందుకు అడుగుతవ్ బేటా? ఇంటికి పోయి ఆమెనడుగు. అద్దం రేపు తెచ్చియ్యి."