ఎర్రగట్టు కుప్ప, నల్లగట్టు గాదె

ఒక వాగుకు ఇటు ఎర్రగట్టు, అటు నల్లగట్టు. రెండు గట్ల మీదా కురిసేది ఒకటే వాన, కాసేది ఒకటే ఎండ. అక్కడి జంతువుల బతుకు తీరు మాత్రం వేరు.

ఎర్రగట్టు మీద ఎవరి కుప్ప వారిదే. గడ్డి కోసుకొచ్చి, ఉలవలు రాల్చుకొచ్చి ఎవరి దొడ్లో వాళ్ళు పోసుకునేవాళ్ళు. కుప్ప ఎంత ఎత్తు ఉంటే అంత పేరు. పొద్దు గుంకినా పని ఆగేది కాదు. ఎదురుపడితే "ఒంట్లో ఎలా ఉంది?" అనేవాళ్ళు కాదు, "కుప్ప ఎందాకా వచ్చింది?" అనేవాళ్ళు. అక్కడ కష్టపడేవాడిని ఆపేవాడూ లేడు, పడిపోయినవాడిని లేపేవాడూ లేడు.

నల్లగట్టు మీద ఎవరేం తెచ్చుకున్నా అందులో పెద్ద వాటా ఉమ్మడి గాదెకు పోవాలి. ఈనిన తల్లికీ, దెబ్బ తగిలినవాడికీ, పళ్ళూడిన ముసలివాళ్ళకూ అందులోంచే మేత. పొద్దు కొండ మీదికి వాలిందంటే పని బంద్. సొంత కుప్పలు మోకాలెత్తుకు మించేవి కావు. పిల్లలు మాత్రం తల్లుల పక్కనే పెరిగేవి.

ఎర్రగట్టు మీద అందరికన్నా ఎత్తయిన కుప్ప పుల్లన్న అనే ఎద్దుది. మంచివాడు, మొండివాడు. ఒక సాయంత్రం అతను మోపు మోసుకొస్తుంటే, అవతలి ఒడ్డున నీళ్ళు తాగుతున్న గేదె కాటమ్మ పలకరించింది.

"పొద్దుపోయింది తమ్ముడూ, ఇంకా మోస్తున్నావా?"

"ఆగితే వెనకబడిపోతానక్కా. మీవాళ్ళు సగం గాదెలో పోస్తారు, మిగతా సగం నిద్రలో పోగొడతారు. మీ కుప్పలు చూస్తే నాకు జాలేస్తుంది."

"మావి చిన్నవేలే. కానీ ఈనాక నా దూడ గట్టిగా నడిచేదాకా నేను గడ్డిపోచ కోయలేదు. మీ గట్టు మీద మొన్న ఆవు ఈనిందట కదా, ఎలా ఉంది?"

"మర్నాడే పనిలోకి వచ్చేసింది" అన్నాడు పుల్లన్న. గర్వంగానే చెప్పబోయాడు గానీ, ఎందుకో గొంతు తగ్గింది.

కొన్నాళ్ళకు అతని గిట్టలో రాయి గుచ్చుకుంది. లెక్కచేయకుండా పనిచేశాడు. చీము పట్టి, వాచి, ఒక ఉదయం లేవలేకపోయాడు. పొరుగునున్న గాడిద ఓబయ్య వచ్చి చూశాడు.

"నాకూ నీ దగ్గర కాసేపు కూర్చోవాలనే ఉంది పుల్లన్నా. కానీ నా కుప్ప చూశావుగా, నీ దాంట్లో సగం లేదు" అని తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. ఆ గట్టు మీద నక్కకు ముద్దు. వాపు తీసే వావిలాకు పొద చుట్టూ ముళ్ళకంచె వేసుకుని, "ఇది నాది" అని కూర్చున్నాడు నక్క జంబయ్య.

"ఆకు ఇస్తాను పుల్లన్నా. కట్టుకోసారి ఒక మోపు గడ్డి, ఒక బుట్ట ఉలవలు."

"అది చాలా ఎక్కువ జంబయ్యా."

"బలవంతం లేదు. ఇక్కడ ఎవరి ఇష్టం వారిది."

నక్కకు గడ్డీ ఉలవలూ ఎందుకంటారా? మేత దొరకని ఎండాకాలంలో తినడానికి ఆ గింజలూ, గూటికి ఆ గడ్డీ తీసుకుని బదులుగా కోళ్ళు గుడ్లిచ్చేవి.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. పైగా తనది పడుకుని తినే రోగం. కుప్ప కరిగిపోతుందన్న భయంతో పుల్లన్న కాలికి కట్టుతోనే పనికి పోయేవాడు. పుండు మళ్ళీ రేగేది. మళ్ళీ ఆకు, మళ్ళీ మోపు. ఎండలు ముదిరేసరికి అతని దొడ్లో కుప్ప లేదు, కాలిలో సత్తువ లేదు.

కబురు విని కాటమ్మ వాగు దాటి వచ్చింది. తన భుజం ఆసరా ఇచ్చి అతన్ని నల్లగట్టుకు తీసుకుపోయింది. అక్కడ రోగుల్ని చూసేది ముసలి కొండముచ్చు. అందరూ ముచ్చవ్వ అంటారు.

పుల్లన్న సిగ్గుతో చితికిపోయాడు. "అవ్వా, మీ గాదెలో నేను ఒక్క గింజ పోయలేదు."

"నొప్పిది ఏ గట్టని అడగం నాయనా. లేచాక గింజలు పోద్దువుగాని. ముందు పడుకో."

రెండు మేకలు గొణిగాయి, కానీ మేత తెచ్చి ముందు పెట్టినవీ అవే. పుల్లన్న పడుకున్నాడు. ఊహ తెలిసిన తర్వాత పగటిపూట నిద్రపోవడం అదే మొదలు.

అక్కడ ఒక పొట్టేలు ఉండేవాడు. పని మాట వినబడితే చాలు, కడుపునొప్పని వచ్చి పడుకునేవాడు. పుల్లన్నకు ఒళ్ళు మండింది.

"వాడిది దొంగనొప్పి కదవ్వా?"

"అవును."

"తెలిసీ మేత పెడతావేం?"

"వాడొక్కడిని పట్టుకోవాలని వచ్చినవాళ్ళందరినీ అనుమానించాననుకో, నిజంగా నొప్పి ఉన్నవాడు నా గడప తొక్కడు. వాడు తినే గడ్డి ఎంతని? నొప్పి ఉన్నవాడు రాకపోతే ఆ నష్టం పెద్దది."

పుండు మానింది. పుల్లన్న లేచి, ఎవరూ అడక్కముందే మోపులు తెచ్చి గాదెలో పోశాడు. ఈ సంగతి ఎర్రగట్టుకు చేరింది. "మనకూ అలాంటిదొకటి ఉంటే బాగుండు" అని అక్కడ గుసగుసలు బయల్దేరాయి. జంబయ్యకు గుండెల్లో రాయి పడింది.

"ఆ గాదె సోమరిపోతుల సత్రం. కావాలంటే చూడు" అన్నాడు ఓబయ్యతో. "కాలు విరిగిందని పోయి రెండు పూటలు తినొస్తాను. ఎలా మోసపోయారో తిరిగొచ్చి చెబుతాను. ఆ గాదె పరువు వాగులో కలుస్తుంది."

కుంటుకుంటూ వాగు దాటాడు. ముచ్చవ్వ కాలు పట్టి చూసింది. ఎముక ఇనుపకడ్డీలా ఉంది.

"ఎముకేనా నాయనా?"

"ఎముకే అవ్వా. రెండు ముక్కలైంది. ప్రాణం పోతోంది."

"విరిగితే కట్టు కట్టక తప్పదు." వెదురు బద్దలు పెట్టి, నల్లేరు ముద్ద పూసి, కాలు కదలకుండా నారతో బిగించి కట్టింది. "అతికేదాకా లేవకూడదు. నేను విప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"రెండు పూటలు చాలవా అవ్వా?"

"రెండు ముక్కలన్నావుగా."

తిండి వచ్చింది. ఉలవ జావ, తవుడు ముద్ద. "అవ్వా, ఒక గుడ్డు..." అని నసిగాడు జంబయ్య. "విరిగిన ఎముకకు ఉలవను మించింది లేదు" అంది అవ్వ. కోళ్ళు పిల్లల్ని వెంటేసుకుని రోజూ పలకరించడానికి వచ్చేవి. "కాలు ఎలా ఉంది బాబాయ్?" అంటూ మూతి దగ్గరే నిలబడేవి. జంబయ్య గుటకలు మింగి, "పర్వాలేదమ్మా" అనేవాడు. కట్టు తెంపుకుని పారిపోదామంటే కాలు వంగదు. బాగానే ఉందని చెబుదామంటే చుట్టూ ఇంతమంది ఎద్దులూ గేదెలూ.

పుల్లన్న అవ్వను పక్కకు పిలిచాడు. "వాడి కాలు బాగానే ఉంది కదూ?"

"వాడు విరిగిందన్నాడు, నేను నమ్మాను. మా పద్ధతి అదే." అంది అవ్వ. "అది సరే, ఇప్పుడు ఆ వావిలి పొద దగ్గర కాపలా ఎవరున్నారు?"

పుల్లన్న ఆ రోజే వాగు దాటి, వెళ్ళీ వెళ్ళగానే కొమ్ములతో ముళ్ళకంచె పీకేశాడు. అందరినీ పిలిచి, తను పడుకున్న సంగతీ, లేచిన సంగతీ చెప్పాడు.

ఓబయ్య చెవులు దించాడు. "సగం గాదెకు పొయ్యమంటే నావల్ల కాదు పుల్లన్నా. కుప్ప చూసుకుంటేనే నాకు పనిచేయబుద్ధవుతుంది."

"నాకూ అంతే. నా కుప్పంటే నాకిష్టమే, మళ్ళీ పెంచుతాను. సగం వద్దు. మనకు చేతనైనంత ఇక్కడొక చోట వేద్దాం. పడినవాడు లేచేదాకా అందులోంచి తింటాడు."

 ఈనిన మర్నాడే పనికొచ్చిన ఆవు ముందుకొచ్చి, తన మోపు దించి, దూడ దగ్గరికి వెళ్ళి పడుకుంది. తర్వాత ఓబయ్య వేశాడు. ఆ సాయంత్రం పుల్లన్న పొద్దుండగానే ఇంటికొచ్చి వాగుగాలికి నెమరేస్తూ కూర్చున్నాడు. ఒళ్ళు తేలికగా ఉంది.

తొలకరి పడ్డాక ముచ్చవ్వ కట్టు విప్పింది. "బాగా అతికింది నాయనా, వెళ్ళిరా." అన్నాళ్ళూ బిగుసుకుని ఉండటంతో కాలు తిమ్మిరెక్కి, జంబయ్య ఈసారి నిజంగానే కుంటుతూ ఇల్లు చేరాడు. కంచె లేదు. గింజ కోసం గుడ్డు తెచ్చే కోడి లేదు. కోపంతో గట్టు మధ్యలో నిలబడ్డాడు.

"పిచ్చివాళ్ళారా, ఆ గాదెను నమ్ముకుంటారా? వాళ్ళను నేను బాగా మోసం చేశాను. నా కాలు అసలు విరగనే లేదు."

ఓబయ్య నింపాదిగా నవ్వాడు. "అయితే తొలకరి పడేదాకా విరగని కాలికి కట్టు కట్టించుకుని ఉలవ జావ తాగావన్నమాట."

గట్టంతా నవ్వింది. జంబయ్య తోక ముడుచుకుని పొదల్లోకి దూరాడు.

ఒక్కడి కుప్ప వాడు నిలబడ్డంతసేపే నిలుస్తుంది, పదిమంది గాదె వాడు పడినప్పుడూ నిలుస్తుంది.