వదిన విస్తరి

“సొంతవాళ్ళకి కృతజ్ఞత చెప్పడం తప్పా గురువుగారూ?” అని భద్రయ్య అడిగినప్పుడు లింగమూర్తిగారు తలుపు చెక్కకి చిత్రిక పడుతున్నారు. వృత్తికి ఆయన వడ్రంగి. గుండ్లకమ్మ ఒడ్డున నాలుగూళ్ళకీ తత్వం చెప్పే గురువు కూడా. శిష్యులు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు, దానికోసం చేతిలో పని ఆపే అలవాటు అసలే లేదు. “ఏం జరిగింది?” అని మాత్రం అన్నారు.

భద్రయ్య జరిగిందంతా చెప్పుకున్నాడు. నాలుగేళ్ళ వయసులో తల్లి పోతే, అన్నభార్య చెన్నమ్మ అతన్ని చంకనేసుకుని పెంచింది. అప్పటికి ఆమె కాపురానికి వచ్చి ఏడాదయినా కాలేదు. ఆమె చేతి అన్నం తిని, ఆమె చెప్పగా బడికి వెళ్ళి, చివరికి కడపలో తెలుగు పండితుడి ఉద్యోగం సంపాదించాడు. సోమవారం ప్రయాణం. వెళ్ళేముందు తన మనసులో మాట వదినకి చెప్పాలనుకున్నాడు. మామూలుగా చెబితే సరిపోను! కానీ మన పండితుడికి సీసపద్యానికి తక్కువైతే కలం కదలదు. ఊళ్ళో పెద్దల్ని పిలిచి, వదినని కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, ఐదు పద్యాలు అందుకున్నాడు. మూడో పద్యానికే చెన్నమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. “చుట్టాలకి చేసే మర్యాదలు నాకెందుకు? నేను పరాయిదాన్నయిపోయానా?” అన్నది. అది జరిగి నాలుగు రోజులైంది. వేళకి అన్నం పెడుతున్నది గాని అతనితో ఒక్క మాటా లేదు.

“ఆమె నాతో మాట్లాడకుండా నేనెలా బయల్దేరేది గురువుగారూ?” అంటూ భద్రయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

లింగమూర్తిగారు చెక్కమీద పొట్టు ఊదారు. “ఆదివారం మన కార్తీక వనభోజనాలు. ఇంటిల్లిపాదీ రండి” అన్నారు.

ఆదివారం ఏటి ఒడ్డున ఉసిరిచెట్ల కింద నలభై మంది దాకా చేరారు. ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ పొయ్యిల దగ్గరే ఉన్నారు. వండేటప్పుడు ఎటు పోయారో తెలియని మగవాళ్ళు, విస్తళ్ళు పరిచేసరికి ఠంచనుగా వచ్చి వరసకట్టారు. గురువుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

“ఇవాళ మొదటి బంతి వండినవాళ్ళది. వడ్డన మనది.”

ఆడవాళ్ళు సిగ్గుపడి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మగవాళ్ళలో ఇద్దరు ముగ్గురు గొణిగారు. అయితే డెబ్బయ్యేళ్ళ మనిషి ఉత్తరీయం నడుముకి బిగించి అన్నం గంప తానే ఎత్తుకుని, విస్తరి విస్తరికీ ఒంగి ఒంగి వడ్డిస్తుంటే ఇంకెవరు నోరెత్తుతారు? ఆ వినయానికి దణ్ణం పెట్టాలనిపించింది భద్రయ్యకి. ఇంతలో గురువుగారు అతన్నే పిలిచారు.

“మీ వదిన విస్తరి నీది. ఆమెకి ఇష్టమైనవి చూసి వడ్డించు.”

ఇదెంత పని అనుకున్నాడు భద్రయ్య. తిన్నగా వెళ్ళి గుత్తివంకాయ కూర గిన్నె తెచ్చి, చెన్నమ్మ విస్తట్లో నాలుగు కాయలు వేశాడు. చాలదన్నట్టు ఇంకో రెండు వేశాడు. ఆమె తలెత్తకుండా, మారుమాట లేకుండా ఒక కాయ విరిచి అన్నంలో కలుపుకుంది. పక్కనే కూర్చున్న ఆమె చిన్ననాటి స్నేహితురాలు కోటమ్మ చప్పున ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

“నీకేమన్నా మతిపోయిందా చెన్నీ? వంకాయ తింటే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయిగా నీకు!”

భద్రయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. “అదేమిటి వదినా? వారానికి మూడుసార్లు వండేదానివి. నీకు ప్రాణమనుకున్నాను.”

“నీకు ప్రాణమని వండాను” అన్నది చెన్నమ్మ. ఇన్ని రోజుల తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అదే.

ఇరవయ్యేళ్ళు ఆమె చేతి వంట తిన్నాడు. పద్యాల్లో ఆమెని భూదేవి అన్నాడు, అన్నపూర్ణ అన్నాడు. తను తిని లేచాక వంటింట్లో ఆమె ఏం కలుపుకుని తింటుందో ఒక్కనాడు తొంగి చూసిన పాపాన పోలేదు. అతనికి తల కొట్టేసినట్టయింది. విస్తరి ముందు చతికిలబడి, ఎంగిలి అని కూడా చూడకుండా, వంకాయ ముక్కలన్నీ తన చేత్తో ఏరి తీసేశాడు.

“మరి నీకేం ఇష్టం వదినా?”

చెన్నమ్మ కాసేపు ఆలోచించి గుర్తుతెచ్చుకోవలసి వచ్చింది పాపం. “తీపి గుమ్మడికాయ పులుసు” అన్నది చివరికి, చిన్నపిల్లలా మొహమాటపడుతూ. “బెల్లం కాస్త ఎక్కువ పడాలి. మా అమ్మ చేసేది. మనింట్లో మీరెవరూ ముట్టరని చెయ్యడం మానేశాను.”

అదృష్టం కొద్దీ ఆ రోజు వంటల్లో ఆ పులుసు ఉంది. భద్రయ్య పరుగున పోయి గిన్నె తెచ్చాడు. ఆమె కలుపుకుని ఒక ముద్ద తిన్నది, రెండో ముద్ద తిన్నది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఎడంచేత్తో కొంగు పట్టి ఒత్తుకుంది. తర్వాత అతనివంక చూసి, “కడపలో నీకు వంకాయ ఎవరు వండిపెడతార్రా?” అన్నది.

భద్రయ్యకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పుడే గురువుగారు అన్నం గంపతో అటుగా వచ్చారు. అతను గబగబా లేచి రెండు చేతులూ జోడించాడు. “గురువుగారూ, ఆ రోజు నేనడిగిన ప్రశ్నకి...” అని మొదలుపెట్టాడు.

“అది తర్వాత నాయనా” అన్నారు లింగమూర్తిగారు. “ఆమె విస్తట్లో పులుసు అయిపోయింది, ముందది చూడు.”