మంచవ్వ ఒడిలో బాతుగూడు

ఒకప్పుడు అడవి బాతులకు ఉత్తరదిక్కు సంగతే తెలియదు. ఎండాకాలమైనా చలికాలమైనా దక్షిణాన ఉన్న ఒక పెద్ద మడుగులోనే తిరిగేవి. అక్కడి జమ్ముగడ్డిలోనే గూళ్లు కట్టుకుని గుడ్లు పెట్టేవి.

ఆ బాతుల్లో మంకెన అనే ఆడబాతు ఉండేది. ముక్కు మంకెనపువ్వు రంగులో ఉందని తల్లి ముచ్చటపడి పెట్టిన పేరు అది. ఆమె మొగుడు బూదన్న. ఒళ్లంతా బూడిదరంగు. మాట తక్కువ, మనసు మెత్తన.

వాళ్లకు పిల్లలు దక్కలేదు. మొదటిసారి పెట్టిన గుడ్లను నీటిపాము మింగేసింది. మరుసటి ఏడు ఉడుము వచ్చి తినిపోయింది. ఆ తర్వాతి ఏడు ఇద్దరూ రాత్రింబగళ్లు కాపు కాశారు. పామూ రాలేదు, ఉడుమూ రాలేదు. కానీ ఎండలకు మడుగు ఎండిపోయింది. గూడు కింద బురద కాగిపోయి గుడ్లు లోపలే చచ్చిపోయాయి.

అయినా మంకెన గూడు దిగలేదు. ఆ గుడ్లమీదే కూర్చుని, లోపల ఎవరో వింటున్నట్టు మెల్లమెల్లగా కబుర్లు చెప్పేది. బూదన్న చూడలేక మొహం తిప్పుకునేవాడు.

చలికాలం వెళ్లిపోయే రోజుల్లో ఉత్తరగాలి తన ఇంటికి మళ్లుతూ ఆ జమ్ములో కాసేపు ఆగింది.

"ఏమమ్మా, అందరూ గూళ్లు కట్టుకుంటుంటే నువ్వు ఊరికే కూర్చున్నావేం?" అని అడిగింది.

"కట్టి ఏం చెయ్యను? పాము లేని చోటు, ఉడుము రాని చోటు, ఎండ కాల్చని చోటు నీకెక్కడైనా తెలుసా?"

"మా ఊరు ఉంది. కానీ అక్కడంతా మంచే, ఆ మంచుకు అవ్వ అయిన మంచవ్వ తప్ప ఎవరూ ఉండరు. ఆవిడ ఒడిలో ఏదీ బతకదమ్మా."

"ఏదీ బతకని చోట పాము కూడా బతకదుగా," అంది మంకెన.

కడుపులో గుడ్లు పెట్టుకుని అంత దూరమేమిటని తోటి బాతులు మందలించాయి. మంకెన బూదన్న వైపు చూసింది. "పద," అన్నాడతను. అంతే.

ఇద్దరూ గాలి వెంట లేచారు. పొలాలు దాటారు. కొండలు దాటారు. నదులు కింద జారవిడిచిన దారాల్లా కనిపించాయి. ఒక్కోసారి మబ్బులు కిందికి పోయి, చందమామ వాళ్ల పక్కనే ఈదుతున్నట్టుండేది. పోనుపోను చెట్లు పొట్టివయ్యాయి, తర్వాత అసలే లేకుండా పోయాయి. చివరికి నేలా ఆకాశమూ ఒకే తెల్లదనంలో కలిసిపోయిన చోట ఇద్దరూ దిగారు.

"ఎవరది?" అని ఒక గొంతు అడిగింది.

అది మంచవ్వ గొంతు. ఆవిడ ఒకచోట కూర్చుని లేదు. కంటికి ఆనినంతవరకూ పరుచుకుని ఉన్న ఆ తెల్లని నేలంతా ఆవిడే.

"అవ్వా, నీ ఒడిలో గుడ్లు పెట్టుకుంటాం. కాస్త చోటివ్వు," అంది మంకెన.

"వద్దు తల్లీ. ఒకసారి గాలి ఒక గింజను తెచ్చింది. ముద్దుగా ఉందని పొదువుకున్నాను. రాయైపోయింది. నేను ముట్టుకున్నదేదీ నాకు మిగల్లేదు."

కానీ మంకెనకు ఇక ఆగే వ్యవధి లేదు. గుడ్లు పెట్టే వేళ అయింది. ఆమె చుట్టూ చూసింది. పరుద్దామంటే గడ్డిపోచ కూడా లేదు. అప్పుడు మెడ వంచి, తన రొమ్ముమీది మెత్తని నూగును ముక్కుతో పీకడం మొదలుపెట్టింది.

"చలికి చచ్చిపోతావే," అన్నాడు బూదన్న.

"నా కింద వెచ్చగా ఉంటే చాలు."

నూగంతా పీకి మంచుమీద పరుపులా పరిచింది. దానిమీద గుడ్లు పెట్టి, బోసిపోయిన రొమ్మును వాటికి ఆనించి కూర్చుంది. బూదన్న గాలికి అడ్డంగా నిలబడ్డాడు.

దూరాన సూరీడు కుంకబోతున్నాడు. ఆయన దిగితే గుడ్లు గడ్డకట్టిపోతాయి. మంకెన నోరు తెరిచేలోగా మంచవ్వే పిలిచింది. పుట్టి బుద్ధెరిగాక అప్పటిదాకా ఆవిడ ఎవరినీ ఏదీ అడగలేదు.

"సూరయ్యా, కాసేపు ఉండిపోవయ్యా."

"నిద్రొస్తోంది అవ్వా," అన్నాడు సూరీడు. కానీ ఆవిడ గొంతు విని దిగలేకపోయాడు. నేల అంచు పట్టుకుని చుట్టూ తిరుగుతూ ఉండిపోయాడు. పగలు తర్వాత పగలే వచ్చింది.

ఒకనాడు పెంకు చిట్లింది. లోపలినుంచి సన్నని కూత వినిపించింది. ఒక్కొక్కటే పచ్చపచ్చని పిల్లలు బయటికొచ్చాయి. ఏళ్ల తరబడి ఖాళీ గూటితో మాట్లాడిన మంకెనకు ఆ రోజు మాట పెగల్లేదు.

మంచవ్వ కరిగింది. ఎక్కడికక్కడ నీటిగుంటలు మెరిశాయి. గుంటల ఒడ్డున నాచు, నాచు పక్కన లేతగడ్డి మొలిచాయి. పిల్లలు ఆ గడ్డి కొరుకుతూ అవ్వ ఒంటిమీద దొర్లాయి.

అంతలో ఆవిడకు బెంగ పట్టుకుంది. "రేపు మీరు ఎగిరిపోతారు. మీ రెక్కల ఈకలు నాకిచ్చెయ్యండి," అంది.

"ఈకలిస్తే ఎగరలేం. మేమేమైపోవాలి?" బూదన్న కోపంగా అన్నాడు.

గూడు ఖాళీ అవుతుందన్న భయం ఎలా ఉంటుందో మంకెనకు తెలుసు. రెక్కలు విదిలించింది. పొడుగాటి ఈకలు మంచుమీద రాలాయి. కాసేపు చూసి, బూదన్న కూడా విదిలించాడు.

పిల్లలు ఎదిగాయి. వాటికి రెక్కలొచ్చాయి. సూరీడికి ఇక కళ్లు మూతలు పడుతున్నాయి. "అవ్వా, నావల్ల కాదు. పెద్ద చీకటి వస్తోంది," అన్నాడు. నీటిగుంటల అంచులు గట్టిపడ్డాయి. అందరికంటే చిన్నపిల్ల వణుకుతూ మంచవ్వకు మరింత దగ్గరగా ముడుచుకుంది. ఆవిడ ఒళ్లు చల్లనిదని దానికి తెలియదు.

మంచవ్వకు తెలుసు.

"మంకెనా, మీ రెక్కలు చూసుకోండి," అంది.

రాలిన ఈకల చోట కొత్తవి నిగనిగలాడుతున్నాయి. "ఇవాళే బయల్దేరండి. వెనక్కి చూడొద్దు. చూస్తే నేను పంపలేను."

"మళ్లీ వస్తాం అవ్వా," అంది మంకెన.

చిన్నపిల్లకు ఆ మాట అర్థం కాలేదు. "రాకపోతే ఎలాగమ్మా? మన ఇల్లు ఇదేగా," అంది.

అప్పటినుంచే అడవి బాతులు చలికాలమంతా మన మడుగుల్లో మేస్తాయి, ఈదుతాయి, నిద్రపోతాయి గానీ ఇక్కడ గూడు మాత్రం కట్టవు. ఎండలు ముదరకముందే ఉత్తరాన మంచుసీమకు పోయి, రొమ్ముమీది నూగు పీకి పరిచి, దానిమీదే గుడ్లు పెడతాయి. పిల్లలు ఎదిగేదాకా పెద్దవాటి రెక్కల ఈకలు రాలిపోయి ఎగరలేకుండా ఉంటాయి. ఆ కొద్దికాలమూ అక్కడ సూరీడు కుంకడు. మంచవ్వ కూడా కరిగి పచ్చగా ఉంటుంది.