నోరు తెరిచి అడగనివాడు

ఎక్కడ, ఎప్పుడు అని నిలదీయకండి గానీ, ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజుండేవాడు. తన మాటంటే తనకే మహా ముచ్చట. ఆయన దగ్గినా లేఖకుడు రాసుకోవలసిందే.

ఒకనాడు రాజోద్యానం బావి దగ్గర ఎద్దుతో మోట తోలి నీళ్లు తోడే నూకయ్య సభకొచ్చి మొక్కాడు.

"దొరా, ఎద్దు మెడ పుండైపోయింది. పది రోజులు కాడి దించనియ్యండి."

"ఎద్దు అడిగిందా?" అన్నాడు రాజు.

"మూగజీవి దొరా, ఎట్టా అడుగుద్ది?"

"అయితే బాధ లేనట్టే. నోరు తెరిచి అడగనివాడి బాధ నా సభకు రాదు. ఇది శాసనం!"

పండితులు భళా అన్నారు. విదూషకుడు వల్లభయ్య మాత్రం అనలేదు. తిన్నగా మోట దగ్గరికెళ్లి ఆ పుండు చూశాడు. తన తల పోయినా సరే, ఆ కాడి దింపించి తీరాలనుకున్నాడు.

మూడోనాడు రాజుగారి పుట్టినరోజు. ఏటా ఆ రోజు పొద్దు గుంకేదాకా ఆయనకు మౌనవ్రతం. ఊరూరి నుంచీ జనం బంతిదండలు తెచ్చారు. వాటిని రాజు మెడలో వేసే పని వల్లభయ్య అడిగి మరీ తీసుకున్నాడు. బరువెక్కేలా ఒక్కో దండా నీళ్లలో ముంచి వేస్తున్నాడు.

మధ్యాహ్నానికి దండలు చెవుల దాకా వచ్చాయి. రాజు కళ్లురిమాడు, మెడ చూపించాడు, మూలిగాడు. మంత్రి దండలు తీయబోయాడు.

"ఆగండి! ప్రభువు నోరు తెరిచి అడిగారా? అడగనివారికి బాధ లేదని శాసనం" అంటూ వల్లభయ్య ఇంకొకటి వేశాడు.

"దించరా ముందు!" రాజు అరుపుకి సభ అదిరింది. వ్రతం కాస్తా భంగమైంది.

వల్లభయ్య నింపాదిగా దండలు తీశాడు.

"నీ తల తీయిస్తాను!"

"చిత్తం ప్రభూ. తమరి మౌనం ఒక్క పూట నిలవలేదు. ఎద్దుది పుట్టుకతో వచ్చిన మౌనం. ఇందాక తమరు కళ్లతో, మూలుగుతో చెప్పినదంతా అదీ రోజూ చెబుతూనే ఉంది."

రాజు మెడ తడుముకున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. "గెలిచావయ్యా!" అంటూ ముత్యాలహారం తీసిచ్చాడు.

"హారం ఎక్కడికీ పోదు ప్రభూ. ముందు కాడి."

రాజు నవ్వుతూనే మోట దగ్గరికి నడిచి, శాసనం రద్దన్నాడు. నూకయ్య కాడి దించాడు. ఎద్దు మెడ నిమురుదామని రాజు చెయ్యి చాచాడు. అది బెదిరి వెనక్కి జరిగింది.

రాజు నవ్వు ఆగిపోయింది.

"అది ఏమంటోందంటే..." అని వల్లభయ్య నోరు తెరిచాడు.

"వినబడింది" అని రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.