కనకరత్నం పంతులుగారి ఇంగ్లీషు

వెదుళ్లవలస రాజుగారికి ఉన్నట్టుండి ఇంగ్లీషు పిచ్చి పట్టుకుంది. దొరల విందుకి వెళ్లి, అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక తానూ నవ్వి వచ్చినప్పటి నుంచీ ఆయనకి కంటిమీద కునుకు లేదు. చివరికి కొలువులో చాటించేశారు.

"విజయదశమినాడు మీలో ప్రతివాడూ నాకొక ఇంగ్లీషు నుడికారం ఒప్పజెప్పాలి. చెప్పలేనివాడు కొలువు మానుకుని ఇంటికి పోవచ్చు."

పరీక్ష చేసేది దుబాసీ కనకరత్నం పంతులు. దొరలు అన్నది రాజుగారికి తెలుగులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంగ్లీషు కాస్త వచ్చు, గర్వం మాత్రం దండిగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక "నాకు తెలియదు" అన్న పాపాన పోలేదు.

కుక్కలూ పిల్లులూ కురవడం అంటే ఏమిటని రాజుగారు ఒకసారి అడిగారు. జోరువానని ఇంగ్లీషువాళ్లు అలా అంటారు. అది పంతులికి తెలిస్తేగా!

"దొరల సీమలో ఇళ్లకప్పులు నున్నగా ఉంటాయి ప్రభూ. వానకి పైనున్న కుక్కలూ పిల్లులూ జారిపడతాయి" అన్నాడు.

పాపం రాజుగారు ఆ వానాకాలమంతా ఒక గొడుగు మీద ఇంకో గొడుగు పట్టించుకుని తిరిగారు.

అంతకంటే ఘోరం దివాన్ సర్వేశ్వరరావుగారికి జరిగింది. ఆయన్ని ఓసారి పంపించమని కలెక్టరు దొర కబురు పెట్టాడు. "దివాన్‌గారు ఇప్పుడే బకెట్ తన్నారు" అని పంతులు జవాబు రాసి పంపాడు. స్నానం ముగించారు, బయల్దేరుతున్నారు అని తన ఉద్దేశం. చచ్చిపోవడాన్ని దొరలు ఆ మాటతో చెబుతారు. గంట తిరక్కుండా దొర బంట్రోతు పూలచక్రం పట్టుకుని వచ్చి, "శవాన్ని ఎప్పుడు లేపుతారండీ?" అని సాక్షాత్తూ దివాన్‌గారినే అడిగాడు.

"స్నానం చేసినవాళ్లకి పూలు పంపడం దొరల మర్యాద ప్రభూ. బంట్రోతుకి ఇంగ్లీషు రాదు" అని పంతులు తేల్చేశాడు. రాజుగారు నమ్మారు. ఆ పూట నుంచి దివాన్‌గారు తలుపేసుకుని స్నానం చేస్తున్నారు.

బంట్రోతు మాట విన్న జోగన్నకి మాత్రం విషయం అర్థమైంది. జోగన్న కొలువులో హాస్యకవి. ఇంగ్లీషు ముక్క రాదు కానీ అబద్ధం వాసన ఇట్టే పట్టేస్తాడు. అయితే ఏం లాభం, పంతులు మాట రాజుగారికి వేదం. ఈలోగా పరీక్ష భయంతో కొలువంతా పంతులింటికి నేతికుండలు మోసింది. కుండ ఇచ్చినవాడికి ఒక నుడికారం, అర్థంతో సహా. జోగన్న ఇవ్వలేదు.

"కుండ ఇచ్చేయవయ్యా. కొలువు పోతే పెళ్లాం బిడ్డలకి ఏం పెడతావు?" అన్నారు దివాన్‌గారు.

"ఆ నెయ్యేదో వాళ్లకే పెడతానండి" అని జోగన్న ఏనుగుశాలకి వెళ్లి కూర్చున్నాడు. పట్టపుటేనుగుని రాజుగారు ఆ మధ్యనే దూరదేశం నుంచి మావటితో సహా తెప్పించారు. దాని చేష్టలు చూస్తూ కూర్చోవడం జోగన్నకి సరదా.

విజయదశమి వచ్చింది. పూజకి అలంకరించిన ఏనుగుని కొలువు మెట్ల దగ్గర నిలబెట్టారు. నెయ్యి పోసినవాళ్లంతా గడగడా ఒప్పజెప్పారు, పంతులు తలపాగా ఊపుతూ "భేష్" అన్నాడు. జోగన్న వంతు వచ్చింది.

"మిల్లీ హూప్ టకాట్" అన్నాడు జోగన్న.

పంతులు కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎక్కడో విన్నానండి, అర్థం మీరే సెలవివ్వాలి. తెలియకపోతే తెలియదనే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు జోగన్న ఎంతో వినయంగా.

ఆ మాట పంతులికి చురుక్కుమంది. "నాకు తెలియకపోవడమా! చెన్నపట్నంలో దొరలు నన్ను చూసి అనే మాటేగా అది. మహాపండితుడి తలకి పట్టం కట్టాలి అని అర్థం. కానీ ప్రభూ, ఇతగాడు పలికిన తీరు బొత్తిగా బాగాలేదు. తప్పినట్టే లెక్క."

రాజుగారు జోగన్న వైపు చూశారు. "ఏం జోగన్నా, ఇక మూట కట్టుకుంటావా?"

"అలాగే ప్రభూ. పోయేముందు ఒక్క కోరిక. పంతులుగారు ఆ మెట్ల మీద నిలబడి, ఎలా పలకాలో గట్టిగా పలికి చూపిస్తే అందరం నేర్చుకుంటాం."

పంతులు ఛాతీ విరుచుకుని మెట్ల మీదికి వెళ్లాడు. గొంతు సవరించుకుని, ఊరంతా వినపడేలా అరిచాడు.

"మిల్లీ హూప్ టకాట్!"

ఏనుగు తొండం చాచింది. పంతులు తలపాగా ఊడబెరికి పైనున్న మావటి చేతికి అందించింది. జరీ తలపాగా కింద నున్నటి గుండు ఎండకి తళతళలాడింది.

"ఏమిటిది?" అన్నారు రాజుగారు లేచి నిలబడి.

"తలమీదున్నది తీసి పైకివ్వు అని మా దేశపు మాట ప్రభూ. ఊరేగింపులో పళ్లబుట్టలు అందుకోవడానికి నేర్పాను" అన్నాడు మావటి బిక్కమొహం వేసుకుని.

జోగన్న చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, పంతులుగారి ఇంగ్లీషు ఈ కొలువులో ఏనుగు ఒక్కదానికే అర్థమైంది. దాన్ని ఉంచుకుని మా అందరినీ పంపించేయండి."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజుగారు నవ్వలేదు. పూలచక్రం గుర్తొచ్చింది, రెండు గొడుగులూ గుర్తొచ్చాయి.

"పంతులూ, బకెట్ తన్నడం అంటే ఏమిటో ఇప్పుడు చెప్పు."

పంతులు బోడితల తడుముకున్నాడు. ఏనుగు తొండం ఇంకా అక్కడే ఊగుతోంది.

"తెలియదు ప్రభూ."

"మహారాజా, పంతులుగారు ఇన్నాళ్లకి ఒక్క అర్థం సరిగ్గా చెప్పారు!" అన్నాడు జోగన్న.

ఈసారి రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకి బాగా తెలుసు. భుజం మీది శాలువా తీసి జోగన్నకి కప్పారు. పంతులింట్లోని నేతికుండలన్నీ ఆ సాయంత్రమే ఏనుగుశాలకి చేరాయి.