మూడు గోడల బుట్ట

అనగనగా ఒక కాలువ. ఆ కాలువకు ఒక రాజు. కిరీటం లేదు, కోట లేదు, కొలువు లేదు. పేరు గవర్రాజు. గట్టు వెంట పన్నెండు మైళ్లు అతని రాజ్యం. ప్రజలెవరంటే కొంగలు, ఎండ్రకాయలు, పారే నీళ్లు.

పిల్లలూ, కాలువ నీటికి కాపలా ఉండేవాణ్ణి లస్కరు అంటారు. మన గవర్రాజు లస్కరు. పొద్దున్నే గట్టు పట్టుకుని వెళ్లాలి. తూము తూముకూ ఆగాలి. కొలతరాయి మీద నీరు ఎంతదాకా ఉందో చూడాలి. గట్టుకు ఎక్కడన్నా చిల్లి కనబడితే మట్టి కొట్టి పూడ్చాలి. ఒక్కరోజు చూడకపోతే చిల్లి గండి అవుతుంది. గండి పడితే కింద మూడు ఊళ్ల వరి మునుగుతుంది. అందుకని గవర్రాజుకు ఆదివారం లేదు, పండగ లేదు.

కాలువ నీటిని ఆపి వదిలే లాకుల పక్కన రెండు గదుల ఇల్లు అతనిది. ఊరికి ఎడం. భార్య సూరమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఇంటి కిటికీ తెరిచే ఉండేది. గట్టు మీద పోయేవాళ్లు ఆగి, "సూరమ్మొదినా, కాసిని మంచినీళ్లు!" అని కేకేసేవాళ్లు. మంచినీళ్లతో పాటు నాలుగు కబుర్లు కూడా దొరికేవి.

సూరమ్మ పోయింది. ఆ ఏడు గాలివానకు కిటికీ తలుపు టపటపా కొట్టుకుంటుంటే గవర్రాజు దానికి రెండు మేకులు దిగ్గొట్టాడు. వాన వెలిసింది. మేకులు మాత్రం అలాగే ఉండిపోయాయి. రెండేళ్లు గడిచాయి.

ఇక మిగిలింది బూరె. బూరె అంటే తినేది కాదు, కుక్క. దోరగా వేగిన బూరె రంగులో ఉందని సూరమ్మే ఆ పేరు పెట్టింది. తొమ్మిదేళ్లుగా గవర్రాజు సైకిలు తొక్కుతుంటే వెనక బూరె పరిగెత్తేది. అతను తూము దగ్గర ఆగితే అది నీడలో కూలబడేది. అతను కదిలితే అదీ లేచేది. ఇద్దరి మధ్యా మాటలు లేవు. ఆ ఇంట్లో మాటలాడే మనిషి వెళ్లిపోయింది కదా.

అలా ఉండగా గవర్రాజు మోకాళ్లు మొరాయించాయి. సైకిలు తొక్కలేక, ఎవరో వాడి వదిలేసిన మోటారు సైకిలు ఒకటి తెచ్చుకున్నాడు. అది దగ్గుతుంది, మూలుగుతుంది, కానీ పోతుంది. మొదటిరోజు ఎప్పటిలాగే బూరె వెనక పరిగెత్తింది. రెండో తూము దాటాక గవర్రాజు తిరిగి చూస్తే గట్టు మీద ఎక్కడో చిన్న చుక్క. వెనక్కి వచ్చాడు. దుమ్ములో పడి ఉంది. నాలుక బయటికి వేలాడుతోంది, వెనక కాళ్లు వణుకుతున్నాయి. మోటారు సైకిలుకు అలుపు లేదు, కుక్కకు ఉంది.

మర్నాడు దాన్ని వసారా గుంజకు కట్టేసి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అన్నంముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. ఈగలు మాత్రం తిన్నాయి. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. నాలుగోరోజు పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చి చూశాడు.

"జబ్బేమీ లేదండీ," అన్నాడు. "దిగులు. దిగులుకి సూది లేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే దక్కదు. పగలు దీని దగ్గర ఉండటానికి ఇంట్లో ఎవరన్నా ఉన్నారా?"

గవర్రాజు మేకులు కొట్టిన కిటికీ వైపు చూశాడు. "లేరండి," అన్నాడు.

"అయితే మీతో పాటు తీసుకెళ్లండి. అంతకన్నా మందు లేదు."

గవర్రాజు వెళ్లి మోటారు సైకిలు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. దాని మీద కుక్క ఎక్కడ కూచుంటుంది?

మొదట వడ్రంగి వీరాచారి దగ్గరికి వెళ్లాడు.

"కుక్కకి పల్లకీయా!" అని వీరాచారి పగలబడి నవ్వాడు. "సరేలేవోయ్. పొడుగెంత?"

గవర్రాజు మూరతో కొలిచిన లెక్క చెప్పాడు. వీరాచారి చెక్కలు కోసి ఇచ్చాడు. గవర్రాజు ఇంటికి తెచ్చుకుని వెనక సీటు ఊడదీసి, ఆ చోట పెట్టె బిగించాడు. నాలుగు పక్కలా నాలుగు చెక్కలు. నున్నగా చిత్రిక పట్టాడు. అడుగున గోనె పరిచాడు. బూరెను ఎత్తి కూచోబెట్టాడు.

మోటారు సైకిలు కదిలింది. మొదటి గతుకు దగ్గర బూరె పెట్టెలోంచి దూకింది. దాని మోకాలు చెక్కుకుపోయింది. అయినా కుంటుకుంటూ వెనకే వచ్చింది. గవర్రాజు దాన్ని భుజాన వేసుకుని, బండి తోసుకుంటూ ఇంటికి చేరాడు.

రెండోసారి వెల్డింగు పనిచేసే మస్తాను దగ్గరికి వెళ్లాడు.

"చెక్క ఏం ఆగుద్దండీ గవర్రాజు గారూ! ఇనప బోను చేద్దాం. పైన తలుపు, దానికో గడియ. ఏనుగైనా దూకదు, ఆయ్. బరువెంత?"

గవర్రాజుకు తెలియదు. మస్తాను బూరెను గోనెసంచిలో కూచోబెట్టి, పక్క కొట్లో వడ్లు తూచే కాటాకు తగిలించాడు. సంచిలోంచి తల బయటపెట్టి బూరె అందరినీ చూసింది.

"పదకొండు కిలోలు! మా అత్తగారింటి పొట్టేలు కన్నా తక్కువే," అన్నాడు మస్తాను.

తూము దగ్గర పడి ఉన్న పాత ఊచలు గవర్రాజు తెచ్చాడు. మస్తాను అతికాడు. మర్నాడు బోనులో బూరె. నిజమే, దూకలేదు. కానీ ఏడ్చింది. పన్నెండు మైళ్లూ మూతి ఊచలకు ఆనించి ఏడ్చింది. నాట్లు వేసే ఆడవాళ్లు నడుములెత్తి చూశారు.

"లస్కరు బాబాయ్, ఏం నేరం చేసిందేంటి, జైలుకి తోలుకుపోతున్నావా?" అని ఒకామె అరిచింది.

చేను చేనంతా నవ్వు. గవర్రాజు వినబడనట్టు పోయాడు. ఆ సాయంత్రం బూరె మంచినీళ్లు కూడా సగమే తాగింది.

కాంపౌండరు చెప్పిన వారంలో రెండు రోజులు అయిపోయాయి.

మూడోసారి ఎవరి దగ్గరికీ వెళ్లాలనిపించలేదు. కానీ మేదరి నూకాలమ్మ గుడిసె దారిలోనే ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. వెదురు చీలుస్తూ, తలెత్తకుండానే పలకరించింది.

"ఏరా అబ్బాయ్, రెండేళ్ల నుంచి ఆగకుండా ఈ దారినే పోతున్నావు. ఇవాళ ఆగావేంటి?"

గవర్రాజు సంగతంతా చెప్పాడు. చెక్కపెట్టె, ఇనపబోను, ముట్టని ముద్ద.

నూకాలమ్మ పొడుగడగలేదు, బరువడగలేదు. "అది ఎటు చూస్తుంది?" అంది.

"ఎటంటే?"

"పడుకున్నప్పుడు ఎటు చూస్తుంది? తల ఎక్కడ ఆనిస్తుంది?"

తొమ్మిదేళ్లు వెంట తిరిగిన కుక్క. అతనికి తెలియదు.

"చూసి రా పో. అది కూచున్నచోట నుంచి దానికి ఏం కనిపించిందో, అది కూడా చూసి రా. అప్పటిదాకా నీకు బద్ద కూడా ఇవ్వను."

గవర్రాజు ఇంటికి వెళ్లి బూరె ఎదుట కూచున్నాడు. అది తల ఎత్తి అతన్ని చూసింది. నెమ్మదిగా పాక్కుంటూ వచ్చి అతని చెప్పు మీద గడ్డం ఆనించింది. అతను చెప్పు విడిచి పక్కకు జరిగి కూచున్నాడు. అది లేచి వచ్చి, ఈసారి పాదం మీద ఆనించింది.

తరవాత అతను చెక్కపెట్టెను నేల మీద పెట్టి, మోకాళ్ల మీద వంగి, అందులో తల దూర్చాడు. గట్టు మీద బాతులు తోలుకుపోతున్న మనిషి ఆగాడు.

"గవర్రాజు మావా, ఏం పడేసుకున్నావు అందులో?"

పెట్టెలో చీకటిగా ఉంది. నాలుగు పక్కలా చెక్క. తన ఊపిరే తనకు వినబడుతోంది. బయట బాతులు అరుస్తున్నాయి, మనిషి నవ్వుతున్నాడు, అదంతా ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. పెట్టె గట్టిదే. చినుకు పడదు, గాలి రాదు.

ఈ చోటు అతనికి తెలుసు. రెండేళ్లుగా అతను ఉంటున్నది ఇందులోనే.

చాలాసేపు తల బయటికి తియ్యలేదు. బాతులు దాటిపోయాయి.

మర్నాడు గట్టు చూసి వచ్చాక, బూరెను భుజాన వేసుకుని మైలు దూరం నడిచి నూకాలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"నా మీద తల ఆనిస్తుందమ్మా," అన్నాడు. "నేను లేకపోతే నా చెప్పు మీద. దానికి రోడ్డూ వద్దు, చేలూ వద్దు."

"మరి పెట్టెలో ఏమీ కనబడలేదు. బోనులో అన్నీ కనబడ్డాయి, కావలసింది మాత్రం అందలేదు. దూకకుండా కట్టావు గానీ, ఎక్కడికి దూకుతోందో చూశావా? నీ దగ్గరికే." ఆమె వెదురు బద్దల మోపు అతని ముందు పడేసింది. "కూచో. అల్లు."

"నేనా? నాకు రాదమ్మా."

"నాకు పుట్టినప్పుడే వచ్చిందా? నీ కుక్క, నీ చేతులు."

మూడు మధ్యాహ్నాలు అల్లాడు. బద్దలు వేళ్లు కోశాయి. రెండుసార్లు వంకరగా అల్లితే, "ఇది బుట్టా, పిచ్చుకగూడా?" అని నూకాలమ్మ విప్పించింది. పక్కన బూరె కళ్లు సగం మూసుకుని పడి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నూకాలమ్మ దాన్ని లేపి, బుట్ట పక్కన కూచోబెట్టి చూపించింది.

"వెనకా, కుడీ, ఎడమా దీని భుజాల దాకా అల్లు. నీ వైపు మాత్రం గడ్డం దగ్గర ఆపెయ్. అంతకన్నా ఒక్క బద్ద ఎక్కువ వద్దు."

"ఆ వైపు నుంచి పడిపోతే?"

"ఆ వైపు నువ్వున్నావుగా."

అయినా గవర్రాజు భయం గవర్రాజుది. మెత్తని గుడ్డపట్టీ ఒకటి దాని ఛాతీ చుట్టూ కుట్టి, రెండు పక్కలా బుట్టకు రెండు తాళ్లు కట్టాడు. తగ్గించిన అంచుకు తన పాత ఖాకీ చొక్కా చింపి చుట్టాడు.

ఏడోరోజు తెల్లవారింది. బుట్టను వెనక సీటు చోట బిగించి, బూరెను ఎత్తి అందులో పెట్టాడు. దూదిలా తేలిగ్గా ఉంది. బండి మెల్లగా కదిలించాడు.

మొదటి తూము దాకా బూరె వణికింది. రెండో తూము దగ్గర వణుకు ఆగింది. మూడో తూము దాటాక గవర్రాజు వీపు మీద ఏదో ఆనింది. వెచ్చగా, కొంచెం తడిగా. తరవాత ఆ బరువు మొత్తం అతని మీదికి వాలింది.

గవర్రాజు బండి ఇంకా నెమ్మది చేశాడు. సూరమ్మ పోయాక అతన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

"బూరీ," అన్నాడు. "అదిగో, చూశావా, నల్లకొంగ. వానలు గట్టిగా పడతాయేమో ఈసారి."

వీపు మీద చెవి ఒకటి కదిలింది. అతను మళ్లీ మాట్లాడాడు. నీళ్ల గురించి, మోకాళ్ల గురించి, సూరమ్మ చేసే పులుసు గురించి. పన్నెండు మైళ్లూ మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి ముద్ద కలిపి పెట్టాడు. బూరె వాసన చూసింది. ఒక మెతుకు నాకింది. తరవాత గిన్నె అడుగు కనబడేదాకా తింది.

గవర్రాజు సుత్తి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. తుప్పు పట్టిన మేకులు ఓ పట్టాన రాలేదు. మొదటిది విరిగింది, రెండోది ఊడింది. కిటికీ తెరుచుకుంది.

బూరె ఎన్నాళ్లు బతికిందని అడుగుతారు మీరు. కుక్క ఆయుష్షు కుక్కదే. ఆ బుట్టలో రెండు వానాకాలాలు తిరిగింది. మూడో వానాకాలం మొదట్లో ఒక పొద్దున లేవలేదు. లాకుల పక్కనే, నీళ్ల చప్పుడు వినబడేచోట పూడ్చాడు. ఆ రోజు కూడా గట్టు చూసి వచ్చాడు. వీపుకు చలి వేసింది.

మస్తాను వచ్చి, "బుట్ట తీసేసి సీటు బిగిస్తానండీ," అన్నాడు. "వద్దులే," అన్నాడు గవర్రాజు.

ఇప్పుడు ఆ గట్టు మీద వెళితే మీరూ చూడొచ్చు. మోటారు సైకిలు ఆగి ఉంటుంది, లేదా మనిషి దాన్ని తోసుకుంటూ నడుస్తుంటాడు. బుట్టలో నూకాలమ్మ వెదురు మోపు గానీ, నాట్లకు పోయే ఆడవాళ్ల అన్నం క్యారేజీలు గానీ ఉంటాయి. పక్కన వాళ్లు కబుర్లాడుతూ నడుస్తుంటారు. అతను ఎక్కువ మాట్లాడడు. కానీ వింటాడు. నడుమ నడుమ, అలవాటుగా, ఒక చెయ్యి వెనక్కి పోయి ఆ ఖాకీగుడ్డ చుట్టిన అంచును తడుముతుంది.

కనుక పిల్లలూ, మనవాళ్లను కాపాడటానికి ఎన్ని గోడలైనా కట్టవచ్చు గాని, మనవైపు గోడను వాళ్ల తల ఆనేంత తగ్గించి కట్టినప్పుడే అది వాళ్లకూ మనకూ తోడు అవుతుంది.