గుహ మింగిన గొంతు

ఒకప్పుడు గుహలు మారు పలికేవి కావు. ఎవరి మాట లోపల పడ్డా గుటుక్కున మింగేసేవి. ఆ గొంతు ఇక మనిషికి దక్కేది కాదు.

కృష్ణ ఒడ్డున ఒక కొండ గుహలో రాతి స్తూపం ఉండేది. దర్శనానికి వచ్చినవాళ్లకి గుమ్మం దగ్గర ముసలి భిక్షువు పుక్కిలినిండా నీళ్లు పోసేవాడు. అవి నోట్లో ఉంచుకునే ప్రదక్షిణ చేసి, బయటికొచ్చి ఉమ్మాలి. నోటినిండా నీళ్లుంటే ఇక మాటెలా వస్తుంది? గడుసు ఉపాయమే!

ఓనాడు కుమ్మరి మూలసిరి తన కూతురు బోధికతో వచ్చింది. ఎండలో కొండెక్కేసరికి పిల్ల నోరు పిడచగట్టుకుపోయింది. నీళ్లు దొరికితే ఊరుకుంటుందా? గటగటా తాగేసింది. లోపల చీకట్లో అమ్మ చెయ్యి జారింది.

"అమ్మా!" అని అరిచింది.

అంతే. ఆ తర్వాత పిల్ల ఎంత నోరు తెరిచినా గాలి తప్ప మాట రాలేదు.

మూలసిరి పిల్లని బయట కూర్చోబెట్టి, మళ్లీ నోటినిండా నీళ్లు పట్టి లోపలికి నడిచింది.

"వద్దు తల్లీ! నీ గొంతూ పోతుంది," అన్నాడు భిక్షువు.

చీకట్లో గుహ గుసగుసలాడింది. ఒకసారి ముసలాయన గొంతుతో, ఒకసారి పసివాడి గొంతుతో. "మాట్లాడు మూలసిరీ... మాట్లాడు..." చివరికి బోధిక గొంతుతోనే పిలిచింది. "అమ్మా, పలకవేం?"

అది ఎర అని మూలసిరికి తెలుసు. అయినా బిడ్డ గొంతు అలా పిలుస్తుంటే ఎలా ఊరుకుంటుంది? నోట్లో నీళ్లు ఉమ్మేసింది.

"వస్తున్నా తల్లీ!"

గుహ ఆ గొంతుని మింగింది. కానీ లోపలికెళ్లిన గొంతు ఊరికే కూర్చోలేదు. బండల మధ్య తడుముకుంటూ వెతికింది. బిడ్డ గొంతు దొరకగానే, "పో, ఇంటికి పో!" అని గదమాయించి బయటికి తోసింది. అక్కడ వణుకుతున్న ఏ గొంతునీ వదల్లేదు. అన్నిటినీ తోసేసింది.

"అమ్మా! నాకు మాటొచ్చింది!" అని బోధిక ఎదురొచ్చి వాటేసుకుంది.

మూలసిరి నోరు తెరిచింది. మాట రాలేదు. అందరినీ బయటికి తోసిన గొంతుని తొయ్యడానికి లోపల ఎవరూ మిగల్లేదు మరి. ఆమె ఏడ్చింది, నవ్వింది, బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుని కొండ దిగింది.

అప్పటినుంచే, గుహలో మనం ఏం పిలిచినా మన గొంతు మనకే తిరిగొస్తుంది. లోపల ఆ అమ్మ ఇంకా తోస్తూనే ఉంది.